కిటికీ పైన దిగని బిట్టు

ప్రశ్న: నమస్కారమండీ. నాకు వడ్రంగం రాదు గానీ చెయ్యి ఊరుకోదు. ఆరు నెలల కిందట 600 వాట్ల ఇంపాక్ట్ డ్రిల్ కొన్నాను. హాలు గోడకు ఫొటోలు తగిలించేటప్పుడు ఎర్రటి పొడి రాలుతూ చకచకా దిగింది. అదే మెషీన్, అదే బిట్టుతో కర్టెన్ రాడ్ కోసం కిటికీ పైన మొదలుపెడితే గోరంత లోతు వెళ్లి ఆగిపోయింది. కీచుమని చప్పుడు, బూడిద రంగు పొడి, చివరికి బిట్టు మొన నీలంగా మారింది. ఇంతకన్నా పెద్ద మెషీన్ కొనాలా? రెండో సంగతి, ప్లైవుడ్‌తో పుస్తకాల బీరువా చేద్దామని ఉంది. ఓ ముక్క మీద ప్రయత్నిస్తే ప్లై అంచు పగిలింది, స్క్రూ తల అరిగిపోయింది. కోతకు జిగ్‌సా మంచిదా, సర్క్యులర్ సా మంచిదా? పక్కింటి అన్నయ్యగారేమో ఇనుము అరగదీసే గ్రైండర్‌కి చెక్క కోసే బ్లేడు బిగిస్తే ఆ రెండూ అక్కర్లేదంటున్నారు. వంద ముక్కల కిట్టొకటి చూశాను, తీసుకోవచ్చా? ఇక పన్నెండేళ్ల మా అమ్మాయి తనూ డ్రిల్ పట్టుకుంటానని ఒకటే గొడవ. ఇవ్వచ్చంటారా?

జవాబు: ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు మనం ముందు మెషీన్‌నే తిడతాం. మీ విషయంలో మద్దెల బాగానే ఉంది, మీరూ బాగానే ఆడారు. తేడా వచ్చింది నేలలో, అంటే గోడలో. కిటికీ నెత్తిన అడ్డంగా కాంక్రీటు దూలం ఒకటి ఉంటుంది, లింటెల్ అంటారు. పైనున్న గోడ బరువు కిటికీ చట్రం మీద పడకుండా మోసేది అదే. కర్టెన్ బ్రాకెట్లకు మనం బెజ్జం వేసేది సరిగ్గా దాని మీదే. మీరు రాసిన గుర్తులన్నీ అదే చెబుతున్నాయి. హాల్లో రాలిన ఎర్రపొడి ఇటుకది. కిటికీ పైన గోరంత లోతు దిగింది చూశారూ, అది ప్లాస్టరింగ్, ఏ బిట్టుకైనా లొంగుతుంది. ఆ తర్వాత కీచుమన్నది కాంక్రీటు.

ఇంపాక్ట్ డ్రిల్ గోడను ఎలా కొడుతుందో తెలిస్తే మీ సగం విసుగు తీరిపోతుంది. దాని లోపల పళ్లున్న రెండు బిళ్లలు ఎదురెదురుగా ఉంటాయి. మీరు ముందుకు నొక్కితే ఆ పళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి దిగుతూ బిట్టును ముందుకూ వెనక్కూ టకటకలాడిస్తాయి. నిమిషానికి పదివేల లెక్కన దెబ్బలు పడతాయి గానీ ఒక్కో దెబ్బ చాలా చిన్నది. పైగా ఆ దెబ్బ బలమంతా మీరు నొక్కే బలమే. అందుకే ఇటుక మీద సరదాగా పోయే మెషీన్ కాంక్రీటు మీద మొరాయిస్తుంది. స్టూలెక్కి, చేతులు పైకి చాపి, ఒంటి బరువు వెనక లేకుండా నొక్కితే ఇక చెప్పనక్కర్లేదు. కాంక్రీటు కోసం చేసిన రోటరీ హ్యామర్ పద్ధతి వేరు. అందులో పిస్టన్ గాలిని నొక్కుతుంది, ఆ గాలి ఒక ఇనప ముద్దను బిట్టు తోక మీదికి విసురుతుంది. దెబ్బలు నిమిషానికి నాలుగైదు వేలే అయినా ఒక్కొక్కటీ సుత్తి దెబ్బ. మీరు మెషీన్‌ను నిలకడగా పట్టుకుంటే చాలు, నొక్కి చావక్కర్లేదు. దాని బిట్ల తోక కూడా వేరు, గాడులు కోసి ఉంటుంది. ఎస్‌డీఎస్ అనే ఆ రకం మీ డ్రిల్ చక్‌లో, అంటే బిట్టును పట్టే మూతిలో, పట్టదు, మీ బిట్లు దానిలో పట్టవు.

మరి కొనాలా? వద్దు. నాలుగు బ్రాకెట్ బెజ్జాల కోసం రోటరీ హ్యామర్ కొనడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. అది బరువు, చెక్క పనికి మొరటు. ఎవరి దగ్గరైనా ఒక పూట అడిగి తెచ్చుకోండి, లేదా అద్దెకు తీసుకోండి. ఇల్లంతా కాంక్రీటు గోడలే అయితే మాత్రం మాట వేరు, అప్పుడు మొదట కొనాల్సిందే అది.

అది దొరికేలోగా ఉన్న దానితోనే ఇంకోసారి చూడండి. ముందు మెషీన్ మీద రెండు మీటలు చూసుకోవాలి. ఒకటి సుత్తి బొమ్మకూ బిట్టు బొమ్మకూ మధ్య జరిగేది. గోడకైతే సుత్తి వైపుండాలి. రెండోది తిరిగే దిక్కు మార్చేది. నవ్వకండి, ఏళ్ల తరబడి పని చేసినవాళ్లు కూడా మెషీన్ ఎడమవైపుకు తిరుగుతుండగా గోడను పావుగంట సేపు రుద్దడం నేను చూశాను. ఆ జాబితాలో నేనూ ఉన్నాను. స్క్రూ ఊడదీసి మీట వెనక్కి మార్చడం మరచిపోతాం, అంతే.

ఇక నీలంగా మారిన ఆ బిట్టు పని అయిపోయింది. గోడ బిట్టు మొనను కిటికీ వెలుతురులో పట్టి చూడండి. చివర వేరే రంగు లోహపు చిన్న బిళ్ల అతికించి ఉంటుంది, టంగ్‌స్టన్ కార్బైడ్. అది కోయదు, రాయిని నలగ్గొడుతుంది. దాని మూలలు గుండ్రంగా అరిగితే ఇక రుద్దుడే. రుద్దితే వేడి, వేడికి ఆ నీలం. కొత్త బిట్టు తీసుకోండి, ఊరూపేరూ లేనిది వద్దు. 8 మి.మీ. బెజ్జం కావాలంటే ముందు 5 మి.మీ. బిట్టుతో దారి చేసి, తర్వాత 8 వేయండి. నిచ్చెన మీద ఛాతీ ఎత్తుకు గోడ వచ్చేలా నిలబడితే భుజం బరువు మెషీన్ వెనక చేరుతుంది. పదేసి సెకన్లకు ఒకసారి, మెషీన్ తిరుగుతుండగానే బిట్టును బయటికి లాగితే పొడి రాలుతుంది. పొడి లోపలే ఉండిపోతే బిట్టు కొట్టేది పొడినే, కాంక్రీటును కాదు.

ఎంతకీ కదలకుండా ఒకేచోట గట్టిగా ఆగి, మెరిసే తునకలు కనబడితే లోపలి ఇనప చువ్వ తగిలిందన్నమాట. దానితో పంతానికి పోవద్దు. రెండు మూడు సెంటీమీటర్లు పక్కకు జరగండి.

లోతు సంగతి. స్క్రూ పట్టు కోసం బెజ్జంలో దూర్చే 8 మి.మీ. ప్లాస్టిక్ ప్లగ్గు మామూలుగా 40 మి.మీ. పొడవుంటుంది. బెజ్జం దానికన్నా కనీసం 10 మి.మీ. ఎక్కువ ఉండాలి, రాలిన పొడికీ స్క్రూ మొనకూ అక్కడ చోటు కావాలి గదా. ప్లాస్టరింగ్ మందాన్ని కూడా దీనికి కలుపుకోండి. ప్లగ్గు ప్లాస్టరింగ్‌లోనే ఉండిపోతే కర్టెన్ లాగిన నాడే ముక్కతో సహా చేతిలోకి వస్తుంది. బిట్టు మీద ఆ లోతున రంగు టేపు చుట్టుకుంటే కొలత కళ్ల ముందే ఉంటుంది. బెజ్జం కింద ఒక కాగితాన్ని సంచిలా మడిచి అతికిస్తే పొడంతా దానిలోకే పోతుంది. ప్లగ్గు దూర్చే ముందు బెజ్జంలోని పొడిని ఊదేసేటప్పుడు మొహం పక్కకు పెట్టుకోండి.

ఈ మోతంతా కాంక్రీటుకూ గట్టి ఇటుకకూ. బోలు ఇటుకలైనా, లోపల గాలి బుడగలుండే తేలికపాటి ఏఏసీ దిమ్మెలైనా సుత్తి మీట ఆపేయాలి. లేకపోతే లోపలి పలచటి గోడలు చితికి బెజ్జం గుంటవుతుంది. టైల్స్ మీదా అంతే, టైలు దాటేదాకా సుత్తి పనికిరాదు. ఇంకో మాట, స్విచ్చుబోర్డుకు నిటారుగా పైనా కిందా, అడ్డంగా అటూ ఇటూ బెజ్జం వేయకండి. వైరు సాధారణంగా ఆ గీతల్లోనే నడుస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. హాలు గోడకూ, కిటికీ పైనా ఒకటే బిట్టు వాడారు. మీ ఉత్తరం చూస్తే ప్లై ముక్కకూ దాన్నే వాడారేమోనని నా అనుమానం. కోసేది మెషీన్ కాదండీ, మొన. మోటారు చేసేదల్లా దాన్ని తిప్పడమే. మీరు చెక్క పని మీద ఖర్చు పెట్టబోయే దానిలో మంచి వాటా మొనలకూ, చెక్కను కదలకుండా పట్టే క్లాంపులకూ పోవాలని నేనంటాను. మామూలు మెషీన్‌కి మంచి బ్లేడు బిగిస్తే చక్కగా కోస్తుంది. గొప్ప మెషీన్‌కి మొద్దు బ్లేడు బిగిస్తే చెక్క కాలిన వాసనొస్తుంది.

చెక్క బిట్టుకు నడుమ సూదిలాంటి ములుకు, అంచులకు రెండు చిన్న కత్తులు ఉంటాయి. ములుకు పెన్సిల్ గుర్తు మీద కూర్చుంటుంది, బిట్టు పక్కకు జారదు. కత్తులు ముందు నారను గుండ్రంగా కోసి, తర్వాతే మధ్యభాగాన్ని తవ్వుతాయి. అందుకే అంచు శుభ్రంగా వస్తుంది. ఇనుముకు వాడే బిట్టు శంఖంలా మొనదేలి ఉంటుంది. చెక్క మీద కూడా నడుస్తుంది గానీ మొదట్లో కాస్త జారుతుంది. గోడ బిట్టు మాత్రం చెక్కను కోయదు, చింపుతుంది. మీ పెట్టెలో ఉండాల్సినవి ఇవే: చెక్కకు 3, 4, 5, 6 మి.మీ. బిట్లు, గోడకు 5, 6, 8, స్క్రూ తల చెక్కలోకి మునగడానికి గుంట చేసే కౌంటర్‌సింక్ బిట్టు ఒకటి, స్క్రూ బిట్లు నాలుగైదు. వంద ముక్కల కిట్టులో మీ చేతికి వచ్చేది ఎనిమిదో పదో. ఆ పది కూడా మెత్తని ఉక్కువి అయ్యే ప్రమాదం ఎక్కువ. మిగతా తొంభై పెట్టెలో గలగలమంటాయి. ఆ డబ్బుతో విడిగా పది మంచివి కొనుక్కోండి.

ప్లై అంచు ఎందుకు పగిలిందంటే, స్క్రూ దూరడానికి చోటు లేక పొరలను విడదీసుకుంటూ పోయింది. ప్లై పొరలు పొరలుగా అతికించిన చెక్క. అంచు మీద స్క్రూ వేయడమంటే రెండు పొరల మధ్య చీల దిగ్గొట్టినట్టే. 18 మి.మీ. ప్లైకి 4 మి.మీ. లావు, 50 మి.మీ. పొడవు స్క్రూ తీసుకున్నామనుకోండి. నిలువు పలకలో, అంటే స్క్రూ తల ఉండే ముక్కలో, 4 లేదా 4.5 మి.మీ. బెజ్జం వేయాలి. స్క్రూ దానిలో వదులుగా జారాలి. ఇది చాలామంది వదిలేసే మెట్టు. ఆ ముక్కలోనూ స్క్రూ మర పట్టిందంటే రెండు పలకలూ ఎంత బిగించినా మధ్యలో సందు ఉండిపోతుంది, దగ్గరికి రావు. ఆ పైన కౌంటర్‌సింక్‌తో తలకు గుంట చేయండి. ఇప్పుడు రెండు ముక్కలనూ మూలమట్టం పెట్టి క్లాంపుతో బిగించి, అదే బెజ్జంలోంచి 3 మి.మీ. బిట్టుతో అడ్డపలక అంచులోకి 35 మి.మీ. లోతు దించండి. అంచుకు సరిగ్గా నడుమ, అటు 9, ఇటు 9. మూలకు మరీ దగ్గరగా వద్దు, 40 మి.మీ. అయినా లోపలికి రండి. ఇలా చేసిన బెజ్జంలో స్క్రూ తిప్పుతుంటే ప్లై మూలగదు, రెండు పలకల మధ్య గీత మూసుకుపోవడం కంటితో చూస్తారు. ఫెవికాల్ లాంటి చెక్క జిగురు ముందే రాసి ఉంటే సందులోంచి సన్నని పూసల వరసలా బయటికొస్తుంది. తడిగుడ్డతో వెంటనే తుడిచేయండి.

స్క్రూలు నల్లవి వాడారా? అవి జిప్సమ్ బోర్డు కోసం చేసినవి, గట్టివే గానీ పెళుసు. గట్టి చెక్కలో తల తెగి ఊడొస్తుంది, మొండెం లోపల ఉండిపోతుంది. చెక్క స్క్రూలే అడగండి. తల అరిగిపోవడానికి ఇంకో కారణం ఉంది. ప్లస్ గుర్తు తలలన్నీ ఒకటి కాదు. తల మీద ప్లస్ మాత్రమే ఉంటే ఫిలిప్స్, పీహెచ్2 బిట్టు వాడాలి. ప్లస్ గీతల మధ్య మరో నాలుగు సన్నటి గీతలు కనిపిస్తే పోజీడ్రైవ్, దానికి పీజడ్2. ఒకదానిది ఒకదానిలో కూర్చున్నట్టే ఉంటుంది, బలం పెట్టగానే పైకి జారి తలను గీరేస్తుంది.

స్క్రూలు బిగించే పనికి మీ ఇంపాక్ట్ డ్రిల్ అంత అనువైనది కాదు. ఎక్కువ వేగం, బిగింపుకు హద్దు లేదు. మీరు తర్వాత కొనాల్సింది బ్యాటరీ డ్రిల్ డ్రైవర్. దాని మెడ దగ్గర అంకెలున్న ఉంగరం ఉంటుంది. అదే క్లచ్. చిన్న అంకె పెడితే కొంచెం బిగింపుకే కటకటమని జారి ఆగిపోతుంది, అంకె పెరిగేకొద్దీ గట్టిగా బిగిస్తుంది. పనికిరాని ముక్క మీద 4తోనో 5తోనో మొదలుపెట్టి, స్క్రూ తల చెక్కతో సమంగా వచ్చేదాకా అంకె పెంచుకుంటూ పోండి. ఆ అంకె దొరికాక బీరువా అంతటికీ అదే. బెజ్జాలు వేసేటప్పుడు మాత్రం ఉంగరాన్ని బిట్టు బొమ్మ మీదికి తిప్పాలి.

వోల్టుల విషయంలో అట్టపెట్టె మీది అంకెలకు మోసపోకండి. 18 వోల్టులదీ, ‘20 వోల్ట్ మ్యాక్స్’ అన్నదీ ఒకటే. లోపల ఐదు లిథియం సెల్స్ ఉంటాయి, ఒక్కోటి 3.6 వోల్టులు. అప్పుడే ఛార్జి చేస్తే నాలుగుకు చేరుతుంది. మామూలుగా లెక్కేస్తే 18, నిండా ఉన్నప్పుడు లెక్కేస్తే 20. ‘12 వోల్ట్’ కూడా ఇలాగే, మూడు సెల్స్, 10.8. బీరువాలూ తలుపు బందులూ లాంటి ఇంటి పనులకు 12 వోల్టులది నిజంగా చాలు, తేలిక కూడా. రేపు బ్యాటరీ రంపం కూడా కొనే ఆలోచన ఉంటే 18కి వెళ్లండి. ఎందుకంటే ఒక కంపెనీ బ్యాటరీ ఇంకో కంపెనీ మెషీన్‌కి పట్టదు. మొదటి మెషీన్ కొన్న రోజునే రాబోయే నాలుగింటికీ మీరు కట్టుబడిపోయినట్టు. ఏ డ్రిల్ బాగుందని కాకుండా, ఏ బ్యాటరీ కింద నాకు కావలసిన మెషీన్లన్నీ ఉన్నాయని చూడండి. నెలల తరబడి వాడకపోతే బ్యాటరీని సగం ఛార్జితో నీడలో పెట్టండి, నిండా నింపి ఎండ తగిలే చోట కాదు.

ఇక రంపాలు. జిగ్‌సా అంటే సన్నని బ్లేడు పైకీ కిందికీ ఆడే రంపం, సర్క్యులర్ సా అంటే గుండ్రటి బ్లేడు తిరిగేది. పక్కింటి అన్నయ్యగారి మాట ముందు తేల్చేద్దాం. గ్రైండర్‌కి పళ్ల బ్లేడు బిగించే పని చేయకండి. ఆయన చాలాసార్లు చేసి ఉండొచ్చు, ఏమీ జరగక పోయి ఉండొచ్చు. 100 మి.మీ. గ్రైండర్ నిమిషానికి 10,000 నుంచి 12,000 చుట్లు తిరుగుతుంది, సర్క్యులర్ సా తిరిగేది దానిలో సగం. అది రాతినీ ఇనుమునూ అరగదీసే పని కోసం చేసినది. అరగదీసే చక్రం చెక్కలో ఇరుక్కోవడం వేరు, పళ్లున్న బ్లేడు కొరికి పట్టుకోవడం వేరు. కొరికిన క్షణంలో మెషీన్ మొత్తం చేతిలోంచి ఎగురుతుంది. సర్క్యులర్ సాకి చెక్క మీద ఆనే పళ్లెం ఉంటుంది, లోతు ఆపే మర ఉంటుంది, కోత అవ్వగానే తనంతట తాను మూసుకునే రెప్ప ఉంటుంది. గ్రైండర్‌కి ఈ మూడూ లేవు. చాలామంది బ్లేడు సరిపోవడం లేదని ఉన్న ఒక్క గార్డునూ పీకేస్తారు. ఇక అక్కడ మిగిలేది బ్లేడూ, పక్కనే మీ వేళ్లూ. అన్నయ్యగారికి మర్యాదగా ఒక నమస్కారం పెట్టేయండి.

జిగ్‌సా వంపులకు. నిదానంగా పోతుంది, భయం తక్కువ, కొత్తవాళ్ల చేతికి బాగా అలవాటవుతుంది. కానీ దాని సన్నని బ్లేడు పొడవాటి కోతలో వంకర పోతుంది, మందపాటి చెక్కలో పైన ఒక గీత, కింద ఇంకో గీత కోస్తుంది. బీరువాకు కావలసింది పొడవాటి నేరు కోత. అంటే సర్క్యులర్ సా. అయినా నా సలహా వేరు: ఈ మొదటి బీరువాకు రంపమే కొనకండి. పలకలు కొలత ప్రకారం పెద్ద మెషీన్ మీద కోసిచ్చేవాళ్లు అందుబాటులో ఉంటే కొలతలు రాసి కోయించుకోండి. మీ శ్రద్ధంతా బెజ్జాల మీదా, మూలల మీదా పెట్టండి. రెండో వస్తువు చేసే నాటికి ఇంకా ఉత్సాహం ఉంటే అప్పుడు రంపం.

కొన్నాక మాత్రం ఇవి గుర్తుంచుకోండి. మెషీన్‌తో వచ్చే బ్లేడు సాధారణంగా 24 పళ్లది, కట్టెలకు సరే. ప్లైకి 40 పళ్లదో 60 పళ్లదో కావాలి. బ్లేడు మీద గరిష్ట ఆర్‌పీఎం, అంటే నిమిషానికి ఎన్ని చుట్లో, అచ్చు వేసి ఉంటుంది, అది మీ మెషీన్ వేగం కన్నా ఎక్కువ ఉండి తీరాలి. సర్క్యులర్ సా పళ్లు కింది నుంచి పైకి కోసుకుంటూ వస్తాయి కాబట్టి పేడు లేచేది పై ముఖం మీద. అందమైన ముఖాన్ని కిందికి పెట్టి కోయాలి. జిగ్‌సా మామూలు బ్లేడుకూ అదే నియమం. నేను మొదటి అల్మారా తలుపును మంచి ముఖం పైకి పెట్టి కోసి, అంచంతా కుక్క కొరికినట్టు చేసి, దాని మీద ఒక పట్టీ అతికించి ‘డిజైన్’ అని చెప్పుకుని తిరిగాను. గీత మీద మాస్కింగ్ టేపు వేసి కోసినా పేడు తగ్గుతుంది.

చేత్తో నేరుగా కోయడం ఎవరివల్లా కాదు. వంకర లేని ఒక చెక్క పట్టీని క్లాంపులతో బిగించి, రంపం పళ్లెం అంచును దానికి ఆనించి తోయండి. పళ్లెం అంచు నుంచి బ్లేడు దాకా ఎంత దూరమో ఒకసారి కొలిచి మెషీన్ మీదే రాసి పెట్టుకుంటే పట్టీ ఎక్కడ బిగించాలో ప్రతిసారీ తడుముకోనక్కర్లేదు. బ్లేడు తన మందం మేర చెక్కను తినేస్తుందని మరచిపోవద్దు, సుమారు రెండు రెండున్నర మి.మీ. 1,220 మి.మీ. వెడల్పు ప్లైలో 305 చొప్పున నాలుగు పలకలు కాగితం మీద వస్తాయి, కోతలో రావు. 300 అనుకుంటే హాయిగా వస్తాయి.

ఈ రంపంతో పెద్ద ప్రమాదం వెనక్కి తన్నడం. రెండు స్టూళ్ల మీద ప్లై పరిచి నడిమిన కోస్తున్నారనుకోండి. కోత చివరికొచ్చేసరికి పలక నడుము కిందికి వంగుతుంది. కోసిన సందు పై నుంచి మూసుకుని బ్లేడును చిటికెలా నొక్కుతుంది. ఇరుక్కున్న బ్లేడు ముందుకు పోలేక రంపాన్నే పైకెత్తి మీ వైపుకు విసురుతుంది. కాబట్టి నేల మీద నాలుగు కట్టెలు పరిచి వాటి మీద ప్లై పెట్టండి, కోతకు అటు రెండు, ఇటు రెండు. తెగినా ఏ ముక్కా వంగదు, పడదు. లోతు మర తిప్పి పళ్లు పలక కింద ఐదారు మి.మీ. మాత్రమే కనబడేలా చేయండి. మీరు బ్లేడు గీతకు పక్కగా ఉండాలి, సరిగ్గా వెనక కాదు. బ్లేడు ఆగకుండా రంపం ఎత్తకండి. ఆ కింది రెప్పను దారం కట్టి పైకి లేపి ఉంచే పనివాళ్లను చూస్తే మీరు నేర్చుకోవాల్సింది వాళ్ల దగ్గర కాదని గ్రహించండి.

మెషీన్లన్నిటికీ కలిపి నాలుగు మాటలు. చేతి తొడుగులు రక్షణ అనుకుంటాం. తిరిగే బిట్టు దగ్గర అవే ఉరి. తొడుగు కొస చుట్టుకుందంటే వేలితో సహా లాగుతుంది. వేలాడే బట్ట, విరబోసిన జుట్టు, గాజులు, గొలుసు అన్నీ అంతే. డ్రిల్‌కి పక్క పిడి ఇచ్చేది అలంకారానికి కాదు. వెడల్పాటి బిట్టు చెక్కకు అవతలి వైపు తేలే క్షణంలో కొరికి పట్టుకుంటుంది, అప్పుడు తిరిగేది బిట్టు కాదు, మెషీన్. నేను పక్క పిడి లేకుండా 25 మి.మీ. బెజ్జం వేయబోయి మణికట్టు మెలిపెట్టించుకుని రెండు వారాలు ఎడమ చేత్తో సంతకాలు పెట్టాను. ములుకు అవతల కనబడగానే ఆపి, పలక తిప్పి అటు నుంచి పూర్తి చేస్తే ఆ కొరుకుడూ ఉండదు, పేడూ లేవదు. తుపాకీ పిడి, వేలి కింద మీట ఉన్న ఈ డ్రిల్ ఆకారానికి బ్లాక్ అండ్ డెకర్ 1917లో పేటెంట్ పొందింది. దానిలోని గొప్పదనమంతా వేలు వదిలితే మెషీన్ ఆగిపోవడమే. మీటను నొక్కి ఉంచే పక్క బొత్తాం వాడి ఆ గొప్పదనాన్ని పోగొట్టుకోకండి.

కళ్లను కాపాడే అద్దాలు ఎలాగూ తప్పవు. చెవుల మాట ఎవరూ చెప్పరు. సర్క్యులర్ సా 100 డెసిబెల్స్ దాకా మోగుతుంది. అంత మోతను చెవి ఓర్చుకోగలిగేది రోజుకు పావుగంట. పొట్టు కూడా తేలికగా తీసుకోదగ్గది కాదు. కలప పొడి క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది. ఎండీఎఫ్, అంటే చెక్క నారను అదిమి చేసిన పలక, కోస్తే లేచే పొడి మరీ సన్నం, దానిలో జిగురు కూడా ఉంటుంది. గుడ్డ చుట్టుకుంటే సరిపోదు, ఎన్95 మాస్కు పెట్టుకోండి. ఎక్స్‌టెన్షన్ తీగను చుట్ట మీదే ఉంచి పెద్ద మెషీన్ నడిపితే చుట్ట వేడెక్కి తొడుగు కరుగుతుంది, మొత్తం విప్పి పరవండి. బ్లేడు మార్చేటప్పుడు కరెంటు ప్లగ్గు పీకి మీ కంటికి కనబడేచోట పెట్టుకోండి, బ్యాటరీదైతే బ్యాటరీ తీసేయండి.

గరుకు కాగితం మెషీన్ మీరు అడగలేదు గానీ బీరువాకు రంగు వేసే ముందు అడుగుతారు. ర్యాండమ్ ఆర్బిట్ రకం, అంటే బిళ్ల తిరుగుతూనే అటూ ఇటూ కూడా ఊగేది, 125 మి.మీ. బిళ్లది తీసుకోండి. 80, 120, 180 నంబరు కాగితాలు వరసగా వాడాలి, నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది, మధ్యది ఎగరగొట్టకూడదు. పలక మీద పెన్సిల్‌తో పిచ్చిగీతలు గీసి, అవి చెరిగేదాకా రుద్దండి. అప్పుడు ఎక్కడ రుద్దామో ఎక్కడ వదిలామో అనుమానం ఉండదు. మెషీన్ బరువు చాలు, మీరు నొక్కితే సుడిగుండాల్లాంటి గీతలు పడి వార్నిష్ వేశాక బయటపడతాయి. ప్లై పై పొర చాలా పలచన, 80తో ఒకేచోట నిలబడితే కింది పొర పలకరిస్తుంది.

బీరువా కొలత గురించి ఒక్కటి చెప్పి అమ్మాయి దగ్గరికి వస్తాను. పుస్తకాలు అనుకున్నదానికన్నా బరువు, వరసగా పేర్చితే మీటరుకు 30 కిలోల పైచిలుకు ఉండొచ్చు. 18 మి.మీ. అడ్డపలక ఆసరా లేకుండా 750 మి.మీ. దాటనివ్వకండి. పొడవు రెట్టింపయితే వంగుడు రెట్టింపు కాదు, 16 రెట్లవుతుంది.

అమ్మాయికి ఇవ్వండి. రంపం కాదు, గ్రైండర్ కాదు, కిటికీ పైన గోడా కాదు. బ్యాటరీ డ్రైవర్ కొన్నాక క్లచ్ 2 మీద పెట్టి, మెత్తని చెక్క ముక్కను బల్లకు బిగించి, మీరే ముందు బెజ్జాలు వేసి, స్క్రూలు దించమనండి. వంకరగా దిగినవి తనే వెనక్కి తీయాలి. పది దించేసరికి నిటారుగా పట్టుకోవడం చేతికి వస్తుంది, అప్పుడు 3 మి.మీ. బిట్టు ఇచ్చి బెజ్జాలు వేయించండి. బీరువాకు ఎటూ ఒకరు పలక పట్టుకుంటే ఒకరు బిగించాలి. జడ మడిచి క్లిప్పు పెట్టించండి. కళ్లద్దాలు మాత్రం తన కొలతవి వేరుగా కొనండి, మీవి ఆ చిన్న ముక్కు మీద నిలవవు, జారిన ప్రతిసారీ డ్రిల్ పట్టుకున్న చెయ్యే పైకి లేస్తుంది.